చెవికి అందే వెబ్‌సైటు



ఈ ప్రసంగం వినడానికి మీకు చూపుతో పని లేదు. వంట చేసుకుంటూ వినవచ్చు. ఆవడి నుంచి సెంట్రల్‌కు వెళ్ళే లోకల్ రైల్లో నిలబడి వినవచ్చు. కాటరాక్ట్ ఆపరేషనై కంటికి కట్టుతో పడుకుని కూడా వినవచ్చు. పుట్టుకతో చూపు లేనివారు మీతో సమానంగా, ఒక్క మాట తగ్గకుండా వింటారు. ఇవాళ నేను మాట్లాడబోయేది మాత్రం అంత సమానంగా అందరికీ అందని వస్తువు గురించి. మన దుకాణాలు, క్లినిక్కులు, స్కూళ్ళు, కల్యాణ మండపాలు, తెలుగు సంఘాలు పెట్టుకుంటున్న వెబ్‌సైట్ల గురించి.

నేను ఆ సైట్లు తయారుచేసే పనిలో ఉన్నవాణ్ణి. ఆవడి, అంబత్తూరు, తిరునిన్రవూరు, తిరువళ్ళూరు, తిరుత్తణి వరకూ ఈ రైలు మార్గం పొడుగునా ఇప్పుడు చిన్న వ్యాపారికి కూడా ఒక సైటు ఉంది. రంగులున్నాయి, కదిలే బొమ్మలున్నాయి. అవి ఎలా కనిపిస్తాయో అందరూ చూసుకుంటారు. ఎలా వినిపిస్తాయో విన్నవాళ్ళు చాలా తక్కువ. రేడియోలో ఉన్నాం కాబట్టి ముందు ఆ పని చేద్దాం.

చూపు లేనివారి ఫోనులో స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని పేరు టాక్‌బ్యాక్, ఐఫోనులో వాయిస్‌ఓవర్. తెర మీద వేలు కుడివైపుకు జరిపితే తర్వాత ఉన్నదేమిటో పైకి చదువుతుంది. రెండుసార్లు తడితే దాన్ని నొక్కినట్టు. ఇప్పుడొక చీరల దుకాణం సైటు అనుకోండి. ఆడి మాసం తగ్గింపు పెట్టారు. చూపు లేని ఒక టీచరమ్మ తన వదినగారికి చీర కొందామని ఆ సైటు తెరిచారు. ఆమె చెవిలో పడేది ఇదీ:

"లింక్. ఇమేజ్. బ్యానర్ ఫైనల్ టూ డాట్ జేపీజీ. ఇమేజ్. ఐఎంజీ జీరో జీరో ఫోర్ సెవెన్. బటన్. బటన్. బటన్. ఎడిట్ బాక్స్. ఎడిట్ బాక్స్. లింక్, ఇక్కడ నొక్కండి. లింక్, ఇక్కడ నొక్కండి."

ఆ బ్యానర్ బొమ్మలో తగ్గింపు ఎంతో, ఎప్పటిదాకానో పెద్ద అక్షరాలతో ఉంది. బొమ్మలో ఉంది కాబట్టి ఆమెకు లేదు. మూడు బటన్లలో ఒకటి చీరను బుట్టలో వేసేది, ఒకటి వెతికేది, ఒకటి అడ్డంగా వచ్చిన ప్రకటనను మూసేది. ఏది ఏదో తెలియదు. రెండు ఎడిట్ బాక్సుల్లో ఒకదానిలో ఫోను నంబరు వేయాలి, రెండోదానిలో పిన్‌కోడ్ వేయాలి. అదీ తెలియదు.

అదే సైటును నాలుగు గంటలు కూర్చుని సరిచేస్తే ఇలా వినిపిస్తుంది:

"శీర్షిక, ఆడి మాసం తగ్గింపు, ఈ ఆదివారం వరకు. కంచి పట్టు చీర, అరిటాకు పచ్చ, ఎరుపు మామిడిపిందెల అంచు, 6,400 రూపాయలు. బటన్, బుట్టలో వేయండి. ఎడిట్ బాక్స్, మీ ఫోను నంబరు, పది అంకెలు."

సైటు రంగు మారలేదు, రూపం మారలేదు. ప్రతి బొమ్మ వెనకా నాలుగు మాటల వర్ణన చేరింది. ప్రతి బటన్‌కూ ప్రతి గడికీ ఒక పేరు చేరింది, అంతే. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ వర్ణన రాయవలసింది కోడు రాసే కుర్రవాడు కాదు. అరిటాకు పచ్చకు మామిడిపిందెల అంచు అని రోజూ కౌంటరులో నిలబడి నోటితో చెప్పేది దుకాణం వాళ్ళే. ఆ మాటలే టైపు చేస్తే చాలు. ఈ పని నేను అప్పగించిన దుకాణాల్లో, అమ్మకం చేసే అమ్మాయిలు ఇంజినీర్ల కన్నా ఎంతో బాగా రాశారు.

యజమానులు ఒక ప్రశ్న వేస్తారు. "చూపు లేనివాళ్ళు మా సైటులో ఏం కొంటారు సార్? ఇంట్లో ఎవరో ఒకరు చూసి పెడతారు కదా?" ఇది చెడ్డ మనసుతో అడిగే ప్రశ్న కాదు. ఆలోచించకపోవడం వల్ల వచ్చే ప్రశ్న. ఆవడికి పక్కనే పూనమల్లి ఉంది. దృష్టి లోపం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థకు అక్కడ ప్రాంతీయ కేంద్రం ఉంది, ప్రభుత్వ అంధుల పాఠశాల ఉంది. అక్కడ చదువుకున్నవారు బ్యాంకుల్లో, బడుల్లో, ఆఫీసుల్లో జీతాలు తెచ్చుకుంటున్నారు. పూర్తిగా చూపు లేని బెనో జెఫీన్ 2015లో భారత విదేశాంగ సేవలో చేరింది ఈ చెన్నై నుంచే. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వైకల్యం ఉన్నవారు 2.68 కోట్లు. వారిలో దృష్టి లోపం ఉన్నవారే 50 లక్షలకు పైన.

ఇంట్లో ఎవరో చూసి పెడతారు అనే మాటకు అసలు అర్థం ఏమిటో కూడా చూడండి. నా బ్యాంకు నిల్వ ఇంకొకరికి తెలియాలి. నా ఓటీపీ ఇంకొకరికి చెప్పాలి. డాక్టరు రాసిచ్చిన రిపోర్టు నాకన్నా ముందు ఇంకొకరు చదవాలి. సంపాదించుకునే మనిషికి ఇంతకన్నా చిన్నతనం ఉండదు.

ఇప్పుడు మన తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన సంగతికి వస్తాను. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి.

తెలుగులో మనం ఏదైనా ప్రకటించాలంటే నేరుగా డీటీపీ సెంటరుకు వెళతాం. అక్కడ అను ఫాంట్లలో అందంగా టైపు చేసి, చుట్టూ అంచు వేసి, జేపీజీగా మన చేతికిస్తారు. దాన్నే వాట్సాప్‌లో పంపుతాం, దాన్నే సైటులో పెడతాం. అచ్చుకు ఆ పద్ధతి బాగానే ఉంటుంది. సైటుకు కాదు. ఆ పాత పద్ధతి ఫాంట్లలో తెలుగు అక్షరం కంప్యూటరు లోపల తెలుగుగా ఉండదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు అతికించి ఉంటాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. చదివే గొంతుకు ఇస్తే ఆ పిచ్చి గీతలనే చదువుతుంది. గూగుల్‌లో వెతికితే దొరకదు. కాపీ చేసి వేరేచోట పెడితే పనికిరాదు.

ప్రపంచ భాషల అక్షరాలకు ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చినప్పుడే అందులో తెలుగుకు చోటు ఉంది. అయినా ఆ తర్వాత చాలా ఏళ్ళు తెలుగు పత్రికల సైట్లు దేని ఫాంటు దానిదే అన్నట్టు నడిచాయి. ఒకదాని అక్షరం ఇంకొకదానికి తెలియదు. ఆ రోజుల్లో వెన్న నాగార్జున "పద్మ" అనే చిన్న ఉపకరణం తయారుచేసి, ఫైర్‌ఫాక్స్‌లో ఆ పుటలన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చి చదువుకునే వీలు కల్పించారు. ఆ మేలు ఎందరికి జరిగిందో లెక్క కట్టలేం. ఇప్పుడు పత్రికలు యూనికోడ్‌లోకి వచ్చేశాయి. రానివి మన కరపత్రాలు, మన సంఘాల నోటీసులు, మన స్కూళ్ళ సర్క్యులర్లు.

మీ సైటు ఏ కోవకు చెందుతుందో తెలుసుకోవడం చాలా తేలిక. పుటలో ఒక తెలుగు మాట మీద వేలు నొక్కి పట్టండి. ఆ మాట ఎంపికై రంగు మారితే, దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టండి. అదే మాట అక్కడా వస్తే అది నిజమైన అక్షరం. మాట బదులు మొత్తం బొమ్మ ఎంపికైతే అది ఫొటో. ఫొటోలో ఉన్న తెలుగు చదవడం ఆ టీచరమ్మ ఫోనుకు చాలా కష్టం.

ఈ తిరువళ్ళూరు జిల్లాలో ఇది చూపు లేనివారి సమస్య ఒక్కటే కాదు. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 వరకూ మన చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దుల సర్దుబాటులో మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఊళ్ళు ఇటు వచ్చినా ఇళ్ళలో మాట మారలేదు. తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట వైపు వెళితే నేటికీ అమ్మ పిలిచేది తెలుగులోనే. చదువు మాత్రం తమిళంలో. 2006లో తమిళం నేర్పడం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక ఆ బడుల్లో పెరిగిన పిల్లలు ఎందరో తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవలేరు. ఆవడి ఫ్యాక్టరీ క్వార్టర్సుల్లో పెరిగిన పిల్లల సంగతీ చాలావరకు అంతే. వాళ్ళ ముందు తెలుగు జేపీజీ పెడితే అది వాళ్ళకు ముగ్గు. అదే మాటలు నిజమైన అక్షరాలుగా ఉంటే, ఫోనులోని గొంతు వాటిని తెలుగులో చదివి వినిపిస్తుంది. పిల్లవాడు విని అర్థం చేసుకుంటాడు. చూపు లేని అమ్మకు తెరిచిన తలుపులోంచే లిపి రాని బిడ్డ కూడా లోపలికి వస్తాడు. ఈ ఒక్క కారణం చాలు, ఈ ప్రాంతపు తెలుగువాళ్ళు ఈ పనిని అందరికన్నా ముందు నెత్తిన వేసుకోవడానికి.

దీనికి తోడు ఇంకొక చిన్న జాగ్రత్త ఉంది. మన సైట్లలో ఒకే పుటలో తమిళం, ఇంగ్లీషు, తెలుగు మూడూ ఉంటాయి. ఏ భాగం ఏ భాషో కోడులో చెప్పాలి. తెలుగుకు టీఈ అని, తమిళానికి టీఏ అని రెండేసి అక్షరాల గుర్తు పెడితే సరిపోతుంది. పెట్టకపోతే ఇంగ్లీషు గొంతు తెలుగు మీద పడి నానా అవస్థ పడుతుంది, లేదా ఆ భాగాన్ని మింగేసి ముందుకు పోతుంది. వింటున్న మనిషికి అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. తిరువళ్ళూరు జిల్లా సైటును, తమిళం, ఇంగ్లీషు రెంటిలోనూ, మీ పిల్లలకు చూపించండి. ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వారు జిల్లాల కోసం తయారుచేసిన చట్రం మీద కట్టినది. అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, రంగుల తేడా పెంచుకోవచ్చు, పైనున్న మెనూలన్నీ దాటి నేరుగా అసలు విషయంలోకి దూకే లింకు ఉంటుంది. ప్రభుత్వం వారి సైట్లకు 2009 నుంచే మార్గదర్శకాలున్నాయి, మూడో కూర్పు 2023లో వచ్చింది. జిల్లా సైటులో ఉన్నది మన మండపం సైటులో ఎందుకు ఉండకూడదు?

ఇక కనిపించే విషయం. ఆవడి కొలతలు తెలిసిన ఊరు. 1961లో పుట్టిన హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీలో విజయంత నుంచి అర్జున్ దాకా ట్యాంకులు తయారైన చోట, కొలత సరిపోయిందో లేదో తేల్చే గో, నోగో గేజి అంటే తెలియని ఇల్లు తక్కువ. అక్కడ "నా కంటికి బాగానే ఉంది" అంటే పని అయినట్టు కాదు. గేజి దూరాలి. వెబ్‌సైటు రంగులకు కూడా అలాంటి గేజి ఉంది. అక్షరం రంగుకూ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా మామూలు అక్షరాలకు కనీసం 4.5కు 1 ఉండాలని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రమాణం. తెల్లటి పుట మీద లేత బూడిద రంగు అక్షరాలు ఇప్పుడు ఫ్యాషన్. 999999 అనే కోడున్న బూడిద రంగు 2.8 దగ్గరే ఆగిపోతుంది. 767676 అయితే గేజి దూరుతుంది. కుర్రవాళ్ళ కంటికి రెండూ ఒకటే. అరవై దాటిన కంటికి, ఎండలో ఆవడి బస్టాండులో నిలబడి ఫోను చూసే ఎవరి కంటికైనా, రెండూ ఒకటి కావు. తేడాను లెక్కకట్టే ఉచిత సైట్లున్నాయి, రెండు కోడ్లూ వేస్తే వెంటనే చెబుతాయి.

తెలుగుకు ఇంకొకటి కావాలి. మన ఒత్తులు కింద వేలాడతాయి, గుడులు పైన నిలబడతాయి. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం పెడితే "లక్ష్మి" కింది ఒత్తు వెళ్ళి కింది వరుసలోని గుడిని తాకుతుంది. అక్షరం పరిమాణానికి ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా ఎడం ఇవ్వండి, తెలుగుకు ఇంకొంచెం ఎక్కువైనా మంచిదే. రెండు వేళ్ళతో పెద్దది చేసుకునే వీలును కోడుతో ఆపేసే సైట్లు కొన్ని ఉన్నాయి. రూపం చెదురుతుందని ఆపుతారు. అది దయచేసి చేయకండి.

ఫారాల గురించి ఒక్క మాట. తమిళనాట పేరుకు ముందు ఇనిషియల్ ఉంటుంది. ఇంటిపేరు రాసుకునే అలవాటు మనలో కూడా ఇక్కడ చాలామందికి పోయింది. అయినా ఫారంలో లాస్ట్‌నేమ్ గడి తప్పనిసరి అంటుంది. ఒక్క అక్షరం వేస్తే ఒప్పుకోదు. తప్పేమిటో చెప్పకుండా గడి చుట్టూ ఎర్ర గీత గీసి ఊరుకుంటుంది. ఎరుపు కనిపించనివారికి, రంగుల తేడా తెలియనివారికి ఆ ఫారం అక్కడితో సరి. తప్పు ఏమిటో మాటల్లో చెప్పండి. పేరుకు ఒకే గడి ఇవ్వండి.

చట్టం సంగతి చెబుతాను, ఎందుకంటే ఇది దయాధర్మం అనుకునేవారు ఇంకా ఉన్నారు. 2000 నాటి సిడ్నీ ఒలింపిక్స్ సైటు తనకు అందడం లేదని బ్రూస్ మగ్వైర్ అనే చూపు లేని వ్యక్తి ఫిర్యాదు చేశారు. బొమ్మలకు వర్ణన లేదు, ఫలితాల పట్టికలు చదవడం కుదరదు. ఆస్ట్రేలియా మానవ హక్కుల సంఘం ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. నిర్వాహకులు అది ఆదేశించిన సవరణలు పూర్తిగా చేయకపోవడంతో 20,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం కట్టవలసి వచ్చింది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, సేవలందించే సంస్థ ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా అందరికీ అందేలా ఉండాలంది. నియమాలు వచ్చిన రెండేళ్ళలోగా అని గడువు కూడా పెట్టింది. నియమాలు 2017లో వచ్చాయి. ఈ అందుబాటుకు ఐఎస్ 17802 పేరుతో భారత ప్రమాణం కూడా ఉంది.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అందరూ తెలుసుకోవలసినది. యాసిడ్ దాడికి గురైన ప్రగ్యా ప్రసూన్ కేవైసీ కోసం కెమెరా ముందు కన్నార్పమంటే ఆర్పలేకపోయారు. చూపు లేని న్యాయవాది అమర్ జైన్ కూడా కోర్టుకు వెళ్ళారు. జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ ఆర్. మహదేవన్ ధర్మాసనం డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని తేల్చి, 20 ఆదేశాలిచ్చింది. జస్టిస్ మహదేవన్ మన మద్రాసు హైకోర్టు నుంచి వెళ్ళినవారే. ఏటా నవంబరులో, బతికే ఉన్నామని చూపే జీవన్ ప్రమాణ్ కోసం ఫోను ముందు కూర్చునే ఆవడి పెన్షనర్లకు ఈ తీర్పు దూరపు విషయం కాదు. ముఖం చూపి ధ్రువీకరించుకునే ఏ పద్ధతికైనా ఇంకొక దారి పక్కన ఉండాలి.

సైటు మూలన మనిషి బొమ్మతో ఒక చిన్న గుండ్రటి బటన్ అమ్మేవాళ్ళున్నారు. ఒక్క వరుస కోడు అతికిస్తే సైటు అందరికీ అందుబాటైపోతుందంటారు. నమ్మకండి. అలాంటి హామీలిచ్చిన ఆక్సెసిబీ అనే కంపెనీ 10 లక్షల డాలర్లు కట్టాలని 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశించింది. సైటులో పేరు లేని బటన్‌కు పేరు పెట్టవలసింది ఆ సైటు కట్టినవాళ్ళే. వెబ్‌ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల ముఖ్య పుటలను పరీక్షిస్తుంది. 2025లో 94.8 శాతం పుటల్లో తప్పులు కనిపించాయి. అందులో చాలావరకు ఆరే రకాలు: రంగుల తేడా చాలకపోవడం, బొమ్మలకు వర్ణన లేకపోవడం, గడులకు పేర్లు లేకపోవడం, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, భాష చెప్పకపోవడం. ఇవాళ మనం మాట్లాడుకున్నవే. ఒక్కటి కూడా పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

సైటు చేయించుకునేవారు డబ్బు చెల్లించే ముందు చేయవలసిన పని ఉంది. కంప్యూటరులో మౌసు పక్కన పెట్టి ట్యాబ్ మీట ఒక్కటే నొక్కుతూ వెళ్ళండి. ఆర్డరు చివరిదాకా చేరగలగాలి, ఎక్కడున్నారో తెర మీద తెలియాలి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు చూపు లేని యువకులు తమలాంటివారి కోసం తయారుచేశారు. దాన్ని పెట్టుకుని తెర ఆపేసి వినండి. ఫోనులో అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టాక్‌బ్యాక్. ఆన్ చేసే ముందు ఆఫ్ ఎలా చేయాలో చదువుకోండి, ఆన్ అయ్యాక వేలి పద్ధతి మారిపోతుంది. అన్నిటికన్నా మేలైనది, రోజూ స్క్రీన్ రీడర్ వాడే మనిషిని పిలిచి మీ సైటు ముందు కూర్చోబెట్టడం. గంటసేపు వారు చెప్పేది రాసుకోండి. ఊరికే కాదు, వారి పనికి కూలి ఇచ్చి. ఆవడి చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివే మన తెలుగు పిల్లలు ప్రాజెక్టుల కోసం వెతుక్కుంటుంటారు. వారికి ఇంతకన్నా మంచి ప్రాజెక్టు నాకు తెలియదు.

చివరగా ఈ జిల్లాలోని తెలుగు సంఘాల పెద్దలకు నా మనవి. ఉగాదికి మీరు అందమైన ఆహ్వానం వేయిస్తారు. వేయించండి, సైటులో పెట్టండి, అందరికీ పంపండి. ఆ బొమ్మ కిందనే తేదీ, వేళ, చోటు, నొక్కితే మోగే ఫోను నంబరు, నాలుగు వరుసల్లో, యూనికోడ్ తెలుగులో టైపు చేసి పెట్టండి. తమిళంలో కూడా నాలుగు వరుసలు పెట్టండి. పది నిమిషాల పని. ఈ ఉగాది నుంచే మొదలుపెట్టండి.